సీలు ఊడని రమ్ము సీసా

"అమ్మమ్మా, మీ అయ్యకి ఆ రమ్ము సీసా ఎక్కడిది? భవానీపూర్‌లో పాత సామాన్లు కొనే బెంగాలీ దాదా కొంటానంటున్నాడు. ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు కావాలంట. మందు కొంచెం తగ్గినట్టుంది, ఎవరైనా తాగారా అని కూడా అడిగాడు."

ఏటన్నాడూ? తాగినారా అనా? ఇలాగ తే ఆ సీసా. లైటెయ్యి. మూతమీద లక్క చూడు. గోటి గీతైనా ఉందేటి? మరెలాగ తాగుతార్రా, గాజులోంచి పీల్చుకుంటారేటి? ఇన్నేళ్ళు బీరువా మీద కూకుంటే కొంత దానంతటదే ఆవిరైపోద్ది. నా జుట్టు తగ్గలేదేటి, అదీ ఎవరో తాగీసినారా?

ఆ ఫోను అక్కడెట్టి విను. మా అయ్య పేరు దానియేలు. ఇక్కడే గార్డెన్ రీచ్‌లో ఓడలు రిపేరు చేసే కంపెనీలో వించి నడిపీవోడు, అదే, బరువులు పైకి లాగీ యంత్రం. ఊరు భీమిలి దగ్గర... కాదు, అది మా అమ్మోళ్ళది, అయ్యది కళింగపట్నం వైపు. సర్లే. అప్పట్లో జీతం రోజు ఇలిస చేప, అదే మన పులస, చేతికి వేలాడదీసుకుని వచ్చీవోడు. ఇప్పుడు దాని ధర అడగడానికే మనకి భయం. ఏటి చెప్తన్నాను? ఆఁ, వించి.

దాని బ్రేకు సరిగ్గా పట్టట్లేదని అయ్య ముందే చెప్పినాడు. ఎవడూ వినలేదు. ఒకనాడు ఇనుప తాడు జారి కుడిచేతి రెండు వేళ్ళు పోనాయి. ఆస్పత్రికి కంపెనీ దొర వచ్చినాడు. ఏటి తెచ్చినాడనుకున్నావ్? ఈ సీసా! ఓడలో వచ్చిన సీమ సరుకంట. "తాగు దానియేల్, నొప్పి తెలీదు" అని మంచమ్మీద పెట్టి పోనాడు. వేళ్ళు పోయినోడికి రమ్మా? అదీ జన్మలో చుక్క ముట్టనోడికి! ఆ తరవాత బ్రేకు మాట ఎవడూ ఎత్తలేదు.

అక్కడే ఒగ్గీయొచ్చు కదా అంటావు. దొర చేతికే తిరిగిచ్చీవాల అనుకున్నాడు అయ్య, పనిలోకి వెళ్ళిన రోజున. అందుకని ఇంటికి తెచ్చినాడు. బస్సులో నలుగురూ చూస్తారని గామ్‌ఛా తువ్వాల్లో చుట్టినాడు. అదే కొంప ముంచింది. మన తెలుగు చర్చి పెద్ద ఒకాయన అదే బస్సులో ఉన్నాడు. గామ్‌ఛాలోంచి మూత కనబడింది. "దాచినాడంటే తాగినట్టే" అని తేల్చీసినాడు. అయ్య పనిలోకి వెళ్ళీసరికి దొరేమో తన దేశం పోనాడు.

చర్చిలో అయ్యని ప్రభు బల్లకి ఆపీసినారు. రొట్టె లేదు, ద్రాక్షరసం లేదు. మా అమ్మ సీసా పట్టుకెళ్ళి, "బాబూ, సీలు చూడండి" అంటే, "మందు సీసా మందిరంలోకి తెస్తావా?" అని గుమ్మంలోంచే తిప్పి పంపినారు. ఒక్కడు చూడలేదు, ఒక్కడు! తప్పు ఒప్పుకుంటే మళ్ళీ బల్లకి రావచ్చని అయ్యకి కబురు. "తాగనోణ్ణి తాగేనని చెప్తే అది పాపం కాదేటి?" అన్నాడు. పోయీవరకూ అదే మాట. నెలనెలా రొట్టె పళ్ళెం మా బెంచీకి వచ్చీది. మూడు వేళ్ళ చేత్తో పట్టుకుని, తను తీసుకోకుండా నాకు అందించీవోడు.

ఆ పెద్దలు పోనారు గాని ఆ మాట పోలేదు. మొన్న స్త్రీల కూటంలో ఒకావిడ, "మీ అయ్య తాగ్గా మిగిలింది మంచి ధర పలుకుతోందంట కదా" అని నవ్వింది. నువ్వే ఎవరికో చెప్పుంటావు. ఇప్పుడు నీ దాదా కూడా అదే మాట!

అమ్ముకో, వద్దనను. కానీ ముందు ఆదివారం బల్లారాధనకి నాతో రా. గామ్‌ఛా వద్దు, సంచీ వద్దు. సీలు పైకి కనబడేలాగ, ఎదర గుమ్మంలోంచే పట్టుకురా. ఎవడైనా ఆపితే నాను మాటాడతాను. పళ్ళెం అందించినట్టే ప్రతి బెంచీకీ చూపించు. తరవాత దాదాకి చెప్పు, ఇది ఎవడు ఎందుకు ఇచ్చినాడో... ఒరే, జారిపోద్ది, రెండు చేతుల్తో పట్టుకో. అలాగ. దేవుడు నీ పది వేళ్ళూ చల్లగా చూడాల, నాయినా.