బొగ్గు డబ్బా పక్క సీటు

పుంగనూరు, 1943. బొగ్గు బస్సు తోలే రామప్ప ఇంటి వాకిలి. మధ్యాహ్నం. అతను, భార్య అక్కమ్మ.

"గోవిందమ్మ చెప్పిందయ్యా, కిరసనాయిలు వరసలో నిలబడుకోని. ఆ బడి ఆయమ్మ విమలమ్మ ఉండాదే, మొన్న నీ బస్సులో సచ్చిపోయిన పిల్ల తల్లి, ఇంటింటికీ పోయి చెప్తాండాదంట."

"ఏమని మే?"

"నా బిడ్డను నేనే సంపుకుంటిని అని. గోవిందమ్మ వాళ్ళ వాకిట్లో కూసోని అదే మాట నాలుగు తూర్లు అనిందంట. పాపం మతి చెడిపోయినట్లుండాదక్కా, అనె గోవిందమ్మ."

"ఇంకేమనింది?"

"ఇంకేమనల్ల?"

"నా పేరేమన్నా ఎత్తిందా అని."

"ఎత్తిందంట. మంచిగానే. రామప్ప బంగారట్లా మనిషి, వెచ్చగా ఉండే సోటు సూసి మరీ కూసోబెట్టినాడు అనిందంట. సంగటి ఆరిపోతాండాది, తిను."

"ఆకలి లేదు."

"మూడు దినాలుగా ఇదే మాట. రేపు బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందర ఈ మొగమేసుకోని నిలబడితే ఆయప్ప అడక్కుండానే రాసుకుంటాడు. ఓనరు ఏం చెప్పమన్నాడు? ఒగసారి చెప్పు, ఇంటాను."

"పొద్దన చెప్పినా కదా."

"మళ్ళా చెప్పు."

"కిటికీ పరదా దించమని వాళ్ళమ్మే అడిగింది. నేను దించినా. అంతే."

"గ్యాసు డబ్బా?"

"గ్యాసు డబ్బా... బాగుండాది."

"అట్ల నమిలి నమిలి చెప్తే ఎవురు నమ్ముతారు? గట్టిగా చెప్పల్ల. లైసెన్సు పోతే ఈ ఇంట్లో పొయ్యి ఎలగదు, అది గుర్తు పెట్టుకోని... అయ్యో, సూడు! సందు మలుపులో. ఆయమ్మే వస్తాండాది. నువ్వు లోపలికి పో, లేడని చెప్తాను."

"సూసేసింది మే."

"రామప్పా! ఇంట్లోనే ఉండావా నాయనా? ఈ పొద్దు బస్సు లేదంట కదా, ఉంటావులే అనుకోని వస్తి."

"రామ్మా విమలమ్మా. కూసో. మే, నీళ్ళు తే."

"వద్దులేమ్మా అక్కమ్మా. లోపలికి యాల, ఈడ్నే మెట్టు మింద కూసుంటాను. ఒగ మాట అడిగి పోతాను."

"బిడ్డ ఎట్లుండాది విమలమ్మా, నీ మనవరాలు?"

"మేకపాలు తాగతాండాది. గుడ్డ ముంచి నోట్లో పిండితే తాగతాది. దాని గొంతు సూస్తివి కదా రామప్పా ఆ పొద్దు, బస్సంతా అదిరిపోయె."

"సూస్తి... అవు. గట్టి గొంతు."

"నేను వచ్చింది దాని నాయన మాట అడగడానికప్పా. మా అల్లుడు పౌలు మిలిటరీలో ఉండాడు. యాడుండాడో చెప్పరు, కవరు మింద నంబరు రాస్తే పోతాదంట. కూతురు పుట్టిందని ఆయప్పకు తెలీదు. పెండ్లాం దయామణి పోయిందనీ తెలీదు. జాబు రాయల్ల. నాకు అచ్చరాలు వచ్చు, బళ్ళో దొరసానమ్మ నేర్పించె. రాసేదానికి కూసుంటే, 'మన దయామణిని' అని రాసినాక చెయ్యి నిలిచిపోతాండాది. నేనే సంపితినని రాయల్లనా, దేవుడు తీసుకునె అని రాయల్లనా?"

"దేవుడే తీసుకునె, అట్లనే రాయమ్మా. ఎవురు సంపినారు? ఎవురూ సంపలేదు."

"నువ్వు బస్సులో లేవు కదా అక్కమ్మా. ఉండినోడు నీ మొగుడు. రామప్పా, నేను జరిగింది జరిగినట్లు చెప్పుకుంటా పోతాను. యాడన్నా తప్పు చెప్తే నువ్వు దిద్దల్ల. అబద్దం రాసి పంపిస్తే ఆ పిల్లోడు ఆడ తుపాకీ పట్టుకోని దాన్నే మళ్ళా మళ్ళా సదువుకుంటాడు. పాపం కదా?"

"చెప్పమ్మా."

"మదనపల్లె ఆసుపత్రిలో పదో దినం ఇంటికి పొమ్మనిరి. బస్సు కాడికి వస్తే జల్లు, ఈదరగాలి. బస్సులో కాలు పెట్టే సందు లేదు."

"ఎట్లుంటాదమ్మా సందు? పెట్రోలు ఉండిన కాలంలో మదనపల్లె నుంచి మూడు బస్సులు తిరుగుతాండె. పొద్దన గుర్రంకొండకు ఒగటి, పలమనేరు మింద కుప్పానికి ఒగటి, మన ఊరికి ఒగటి. రెండింటిని మిలిటరీకి పట్టుకపోయిరి. మిగిలిందాని ఎనక, పెట్రోలుకు బదులు బొగ్గు గ్యాసుతో నడిచేదానికి, ఈ డబ్బా తగిలించిరి. ఇప్పుడు మూడు బస్సుల జనం ఒగ దాంట్లోనే. గట్టు ఎక్కేకాడ టిక్కెట్టు తీసుకున్నోడు గూడా దిగి తొయ్యల్ల. మొన్న కరణం గూడా పంచె ఎగ్గట్టి తోసినాడు. బొగ్గు ఏసేది నేనే, ఊదేది నేనే, బూడిద తీసేది నేనే. క్లీనరు గూడా మిలిటరీలో చేరిపోయె..."

"అవునప్పా. ముందర సీట్లు నిండిపోయి ఉండె. నిండకపోయినా మాకు ఇయ్యరనుకో. నువ్వే సూసి, అమ్మా, ఎనక డబ్బా పక్క సీటు వెచ్చగా ఉంటాది, బాలింతకు మంచిది, ఆడ కూసోబెట్టు అంటివి. అంటివా?"

"అంటిని."

"నీ పున్నెం. దయామణి గూడా కూసుంటానే, అమ్మా, కుంపటి కాడ కూసున్నట్లుండాది అని నవ్వె. అంతవరకు తప్పు లేదు. ఆ ఎనక నేనేమంటిని? బాలింతకు సెవుల్లో గాలి పోకూడదు, పరదా దించప్పా అంటిని. నువ్వు తాడు పట్టుకోని కొంచేపు ఊరికే నిలబడితివి."

"నిలబడితినా?"

"నిలబడితివి. ఒగ పక్క సందు ఇడుస్తానమ్మా అంటివి. నేను ఒప్పుకుంటినా? సందు ఇడిస్తే గాలి ఆడ్నుంచే సూదిలెక్క దూరతాది, గట్టిగా కట్టెయ్యి అంటిని. కట్టేస్తివి. అది నా మొదటి తప్పు."

"సూసినావా! ఆయమ్మే చెప్తాండాది. ఈ మాటే రేపు ఇన్‌స్పెక్టరుకు గూడా చెప్పల్లమ్మా విమలమ్మా, పరదా నువ్వే కట్టించినావని."

"చెప్తానమ్మా. చెప్పకుండా దాచి పెట్టుకోని నేనేం చేసుకోల్ల?"

"మే, నువ్వు ఊరుకో."

"ఊరుకోక నేనేమంటిని? ఆయమ్మ చెప్పిందే అంటిని."

"పోనీలే నాయనా. ఇను. బస్సు కదిలినాక నాకు తల పట్టేసె. కడుపులో తిప్పె. బస్సు పడలేదనుకుంటిని. దయామణి గూడా తలనొప్పి అనె. నా భుజం మింద తల పెట్టుకోని పండుకునె. నడిమద్దెలో నువ్వు బూడిద తియ్యడానికి నిలిపితివి. అప్పుడే కదా బిడ్డ గుక్కపట్టి ఏడిసింది?"

"అప్పుడే."

"దాన్ని ఎత్తుకోని కిందికి దిగితి. జల్లులోనే కొంగు కప్పి అట్లా ఇట్లా తిరిగితి. దిగినాక నాకు పానం లేసొచ్చె. నువ్వు ఎనక పక్క డబ్బా కాడ బూడిద తీస్తా, పరదా మొన ఎత్తి లోపలికి సూసి, నా దిక్కు తిరిగి అడిగితివి. ఏమ్మా, నీ కూతుర్ని లేపేదా, కొంచేపు దిగి నిలబడతాదేమో అని. అడిగితివా?"

"అడిగితి."

"అదే నా రెండో తప్పు. వద్దప్పా, మూడు దినాలుగా దానికి నిద్దర లేదు, ఊరు వచ్చేదాకా పండుకోనీ అంటిని. బిడ్డ మళ్ళా ఏడిస్తే అది లేస్తాదని, నేను ముందర తలుపు కాడ్నే నిలబడి వస్తి. ముందర సీట్లో ఉండిన యశోదమ్మ గారు కొంచెం జరిగి సోటిచ్చె గూడా, అయినా నేను కూసోలేదు. పుంగనూరులో దిగేటప్పుడు పోయి పిలిస్తే పలకలా. భుజం తట్టితే పక్కకు ఒరిగిపోయె. అంతే కదప్పా? ఇట్లనే రాస్తాను. పరదా కట్టించింది నేను, లేపొద్దన్నింది నేను. తప్పుంటే చెప్పు."

"విమలమ్మా..."

"చెప్పు."

"పరదా ఒగటే కాదమ్మా."

"ఏందయ్యా నువ్వు? ఆయమ్మ అంతా సరిగ్గానే చెప్పె కదా!"

"ఉండు మే. విమలమ్మా, పరదా కడితే మనిషి సచ్చిపోతాదా ఏమన్నా? డబ్బా మూత కాడ గ్యాసు బయటికి రాకుండా సుట్టే రాతినార తాడు కాలిపోయి ఉండె. పది దినాలకు ముందే ఓనరుకు చెప్తి. యుద్ధకాలంలో ఆ తాడు దొరకదు, మట్టి పెట్టుకోని తోలు అన్నాడు. ఎర్రమట్టి పిసికి మూత సుట్టూ పెడతా ఉంటిని. ఎండితే పగలతాది. పగిలితే..."

"పగిలితే పొగ వస్తాదా?"

"పొగ కాదు, గ్యాసు. కనపడదు."

"నీకు పిచ్చి పట్టిందా? రేపు ఇన్‌స్పెక్టరు వస్తాండాడు, ఈ పొద్దు మట్టి మాటలు మాట్లాడతావా? విమలమ్మా, ఈయన మాట ఇనొద్దు. మూడు దినాలుగా అన్నం నీళ్ళు లేవు, ఏమి మాట్లాడతాండాడో ఈయనకే తెలీదు."

"కనపడకుండా వచ్చేదానికి మనిషి సచ్చిపోతాడా అక్కమ్మా? నేను ఎప్పుడూ ఇనలేదే."

"అట్లాంటిది వచ్చింటే ఈయనకు తెలీకుండా పోతాదా? ఈ తాలూకాలో బొగ్గు బస్సు పని నేర్చినోడు ఇంగెవుడన్నా ఉండాడా? మదరాసులో పది దినాలు నేర్పించి, జాగర్తలన్నీ అచ్చేసిన కాగితం ఇచ్చిరి. అద్దం కట్టించి గోడకు తగిలించినాము, రా, సూడు కావాలంటే. దినామూ రాత్రి సదువుకుంటా ఉంటే నాకే నోటికి వచ్చేసె. మొదట తలనొప్పి, ఆ ఎనక కడుపులో తిప్పేది, ఆ ఎనక మొద్దునిద్దర, మొగం ఎర్రగా అయ్యేది. అట్లా ఎవురన్నా కనపడితే ఉన్నపళంగా బండి నిలిపి, లేపి, బయట గాలికి ఎత్తుకపోవల్లంట. అంతా తెలిసినోడు ఊరికే ఉంటాడా ఏమన్నా?"

"ఇంగోసారి చెప్పమ్మా."

"ఏంది?"

"ఇప్పుడు చెప్తివే. తలనొప్పి, ఆ ఎనక?"

"కడుపులో... యాల అడుగుతాండావు?"

"మొగం ఎర్రగా అంటివి."

"అది... కాగితంలో ఉండేది చెప్తి. అంతే."

"దయామణి మొగం ఎర్రగా ఉండె రామప్పా. దిగేటప్పుడు నేను సూస్తి. పురిట్లో సున్నం మాదిరి తెల్లగా ఉండిన పిల్ల, బుగ్గలు పండినట్లు ఎర్రగా. రక్తం పట్టింది నా బిడ్డకు అని ఒగ గడియ మురిసిపోతి గూడా. పలికించేదాకా మురిసిపోతి."

"విమలమ్మా, మా ఆయనకేమీ తెలీదు. కాగితాలు సదువుతాడు గాని..."

"నువ్వు ఉండమ్మా. నేను ఆయప్పను అడుగుతాండాను. రామప్పా, నడిమద్దెలో పరదా ఎత్తి సూస్తివి. అప్పుడు దాని మొగం ఎట్లుండె?"

"ఆ సంగటి లోపల పెట్టు మే, ఈగలు వాలతాండాయి."

"నాయనా, నా మొగం సూసి చెప్పు. ఎట్లుండె?"

"ఎర్రగానే ఉండె."

"యో! నోరు మూసుకో!"

"మూసుకోనే ఉండా కదా మే, మూడు దినాలు. అన్నం దిగలేదు."

"ఊపిరి ఉండిందా రామప్పా?"

"ఉండె."

"బాగా ఉండెనా?"

"గురక మాదిరి వస్తాండె. మెల్లిగా. పెదాలు గూడా కదలతాండె, కలలో మాట్లాడినట్లు."

"అందుకే లేపేదా అంటివా?"

"అందుకే."

"మరి యాల చెప్పలా నాకు? ఇది నిద్ర కాదమ్మా అని ఒగ మాట. యాల చెప్పలా?"

"ఎట్ల చెప్పేదమ్మా? గ్యాసు వస్తాండాది అనే మాట నా నోట్లోనుంచి వస్తే బస్సు బస్సంతా దిగిపోతాది. ఆ అడివిలో, జల్లులో, ముప్పై మంది. మళ్ళా ఆ బస్సు ఎవురు ఎక్కుతారు? నాకు ముందర ఉండిన డ్రైవరు దేవరాజులు, మూత బాగలేదని బస్సు దోవలోనే నిలిపేసినాడు. మరుసటి దినమే తీసేసిరి. ఇప్పుడు బి.కొత్తకోట దోవలో కంకర కొట్టుకుంటా ఉండాడు. ఆయప్ప పెండ్లాం అడుక్కుంటాండాది. నాకు అదే కండ్లలో మెదిలె. ఇంగ ఆరు మైళ్ళే కదా అనుకుంటి. ఊరు చేరితే గాలి తగిలి లేస్తాదిలే అనుకుంటి. సచ్చిపోతాదని అనుకోలేదమ్మా, నా బిడ్డల మింద ఒట్టు."

"పరదా అన్నా తీసింటే?"

"తీస్తే యాల తీస్తివని అడుగుతావని..."

"అడిగేదాన్నే."

"అయినా నేను ఊరికే పోలేదు విమలమ్మా. నా మనసు ఒప్పలా. అందుకే కదా వచ్చి నిన్ను అడిగితి, లేపేదా అని. నువ్వు అవునని ఒగ మాట అనింటే సాలు, నేనే ఎత్తుకోని దించేవాణ్ణి. నువ్వే కదమ్మా లేపొద్దంటివి?"

"నాకు తెలీదప్పా. నీకు తెలుసు."