లైటు వేసే ముందు ఒక మాట

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం, వానకు తడిసిన చెప్పులు గుమ్మం బయట విడిచి మా ప్రయోగశాలలో పరిశోధకురాలిగా అడుగుపెట్టిన నాటి నుండి, రేపు పదవీ విరమణ చేయనున్న నేటి వరకు, వారు మా అందరికీ చేపల మేడంగారే.

వేలెడంత కూడా లేని చారల చేపకు కంటి వెనుక పొర, అనగా రెటీనా, దెబ్బతింటే కొద్ది వారాలలో తిరిగి పెరుగుతుంది; మనిషికి పెరగదు. ఎందుకు పెరగదన్న ఒక్క ప్రశ్నతోనే వారి యౌవనం గడిచిపోయింది. అటుపై, పిండదశలో మూసుకోవలసిన కంటి సందు మూసుకోకుండానే పుట్టే చేపల వంశాన్నొకదాన్ని వారు నిలబెట్టి, పుట్టుకతో వచ్చే నేత్రలోపాల అధ్యయనానికి ఆధారంగా మలిచారు.

ఆ వంశం మొదలైన ఏడాదే, ఒక ఉదయం వారు ఆదమరచి చీకటిగా ఉన్న చేపల గదిలో ఒక్కసారిగా లైట్లన్నీ వేశారు. బెదిరిన చేపలు తొట్లలోంచి ఎగిరి నేలపాలయ్యాయి. మిగిలిన నాలుగింటితో పని మళ్ళీ మొదలైంది. నాటి నుండి గుమ్మంలో నిలబడి “లైటు వేస్తున్నా” అని, చిన్న దీపం వెలిగించి, ఆగి, ఆపైనే పెద్దవి వేసేవారు.

“మీ మాట చేపలకు అర్థమవుతుందా మేడం?” అని, గుడ్లలోని పిండాలను పరిశీలించే మా సహోద్యోగి, అందరూ గుడ్ల డాక్టరుగారని పిలిచే పెద్దమనిషి, ఏడిపించేవారు.

“వాటికెందుకండీ? ఆ మాట అనేసరికి నా చెయ్యి ఆగుతుంది.”

ఇంట్లోనూ అదే అలవాటు. “మేమేం చేపలమా తల్లీ, ఎగిరి కింద పడటానికి?” అని అత్తగారు విసుక్కునేవారట.

ఆ చేపల్లాగే కంటి సందు మూసుకోకుండా పుట్టిన కొడుకును చంకనెత్తుకుని ఒక తల్లి ఏటా వచ్చేది. పిల్లవాడికి మీసాలొచ్చినా ఆమె ప్రశ్న మారలేదు: “ఈసారైనా ఏమైనా తేలిందా మేడం?” ఈ ఏడు మేడంగారు కుర్చీలో వెనక్కి వాలి, “నా సర్వీసులో కాలేదమ్మా, ఏమనుకోకు” అన్నారు.

“మీరు మాత్రం ఏం చేస్తారు? ఆ చేపలున్నాయిగా, ఇంకెవరైనా చూస్తారు.”

మేడంగారు లేచి ఆమెను గుమ్మం దాకా సాగనంపారు. అంతకు ముందు వారమే డైరెక్టరుగారు సమావేశంలో, “ఈ చేపల పనిని ఎవరైనా తీసుకుంటామంటే సరే, లేకపోతే మీతోటే ఆపేద్దామమ్మా” అని తేల్చారు. అందరూ టీ కప్పుల్లోకి చూశారు. “నా గుడ్లతోనే నాకు తల బొప్పి కడుతోంది” అన్నారు గుడ్ల డాక్టరుగారు. మేడంగారు “సరేనండీ” అని లేచారు. వాదించే ఓపిక వారిలో అప్పటికే ఇంకిపోయింది.

మొన్న ఉదయం తాళాలు అప్పగించేద్దామని వారు వరండాలో నడిచి వస్తుండగా, చేపల గదిలోంచి ఒక మగగొంతు, కాస్త సిగ్గుపడుతూ, “లైటు వేస్తున్నా” అంది. తలుపు సందులోంచి సన్నగా వెలుగు వచ్చింది. ఆగింది. ఆ తర్వాతే గది నిండింది.

“నేనేనండీ మేడం,” అన్నారు గుడ్ల డాక్టరుగారు, చేతిలో మేత డబ్బాతో. “మీరు మానేశాక ఈ గది చీకటిగా ఉంటుందంటే నిద్రపట్టలేదు. వీటికెంత వేయాలో చెప్పండి.”

“చెబుతా. ముందు నన్ను కూర్చోనివ్వండి, కాళ్ళు లాగేస్తున్నాయి.”

కూర్చున్నారు. ఒక్కో తొట్టినీ చూపిస్తూ మేత లెక్క చెప్పారు. తరువాత ఫోను తీసి ఆ తల్లికి ఒక్కటే మాట చెప్పారు: “చేపలు ఉన్నాయమ్మా.”

అడిగిన ప్రశ్నకు జవాబు దొరకకపోయినా, ఆ ప్రశ్నను ప్రాణంతో ఉంచి మా చేతికందించిన చేపల మేడంగారికి, అలసిన కాళ్ళకు విశ్రాంతి, ఆరోగ్యం, నిండు నూరేళ్ళ ఆయువు కలగాలని, ఇకపై ఎవరికీ చెప్పకుండా, ఎవరూ బెదరకుండా, తమ ఇంట్లో తాము లైటు వేసుకునేంత నిశ్చింత దక్కాలని మనసారా కోరుకుంటున్నాము.