అడుగుల దొంగ

మానసిక రోగుల ఆసుపత్రిలో డాక్టరు గది. బల్లకి అవతల డాక్టరు. ఇవతల, నాలుగేళ్లుగా స్కిజోఫ్రీనియాకి మందులు వాడుతున్న తమ్ముడు. అతని పక్కన అక్క. సూదిమందు అప్పటికే సిరంజిలోకి ఎక్కింది.

"వద్దు డాక్టర్ గారూ, వద్దు! ఆ సూది పక్కన పెట్టండి. నాకేం కాలేదు. నా అడుగులు ఎవరో దొంగిలిస్తున్నారు, అంతే!"

"విన్నారా అమ్మా? 'అంతే' అట."

"విన్నాను డాక్టర్ గారూ. ఒరేయ్, ఆ మాట ఇంట్లో అన్నావు, సరే. ఇక్కడ కూడా అనాలట్రా?"

"నిజం ఎక్కడైనా నిజమే కదక్కా."

"అడుగులు దొంగిలించడానికి అవేమైనా చెప్పులా, గుమ్మం బయట విడిస్తే ఎత్తుకుపోవడానికి?"

"చూడు బాబూ, కోపం తెచ్చుకోకుండా విను. నువ్వు వాడే మందుతో ఒళ్లు పెరుగుతుంది. ఒళ్లు కదలకపోతే బుర్ర కూడా బద్ధకిస్తుంది. రోజూ నడిస్తే రెండూ దారిలోకి వస్తాయి. అందుకే కదా మూడు నెలల కిందట నీ చేతికి ఈ నల్ల పట్టీ కట్టాం? నువ్వు వేసే ప్రతి అడుగూ నీ పేరు కింద నా కంప్యూటర్లో పడుతుంది. నిన్న ఎన్ని పడ్డాయో తెలుసా? ఆరువందల నలభై."

"పదకొండు వేల రెండు వందలు నడిచాను. లెక్కపెట్టుకున్నాను. బైండింగు షాపులో కాగితాలు లెక్కపెట్టినట్టు, పదహారేసి చొప్పున ఏడువందల కట్టలు."

"పదహారేసి... రాసుకుంటున్నాను... లెక్కపెట్టడం ఆపుకోలేకపోతున్నాడు."

"ఆపుకోగలను! కావాలనే లెక్కపెట్టాను!"

"కావాలనే... లెక్కపెడుతున్నాడు."

"డాక్టర్ గారూ, వాడు నడిచే ఉంటాడండీ. ఆరు కిలోలు తగ్గాడు. ప్యాంటు జారిపోతోందని నేనే నాడా కట్టాను, చూడండి."

"తిండి మానేస్తున్నాడేమో. అదీ ఒక లక్షణమే."

"మానేయడమా? నా కంచంలోది కూడా వాడే తింటున్నాడండీ!"

"అతిగా తినడం. అదీ లక్షణమే."

"మరి చెప్పులు? మూడు నెలల్లో రెండు జతలు అరిగిపోయాయి."

"కూర్చున్నచోటే కాళ్లు నేలకేసి రుద్దుతున్నాడేమో. చాలామందిలో చూశానమ్మా."

"అక్కా, ఇంక నువ్వు మాట్లాడకు. నువ్వు నోరు విప్పినకొద్దీ నా జబ్బు పెరుగుతోంది."

"నన్నేం చేయమంటావురా? పోయినసారి కూడా 'ఎవరో' అనే మొదలైంది. ఎవరో కుళాయిలోంచి మాట్లాడుతున్నారన్నావు. వారం తిరక్కుండా నిన్ను తెచ్చి ఇక్కడ చేర్చాం. ఆ 'ఎవరో' అన్న మాట వింటేనే నా చెయ్యి ఆసుపత్రి సంచి వైపు పోతుంది."

"అది వేరు, ఇది వేరు. అప్పుడు జబ్బు. ఇప్పుడు కుళాయిలోంచి నీళ్లే వస్తున్నాయి."

"అవైనా సరిగ్గా వస్తేనా!"

"డోసు పెంచినప్పుడు ఏమైందో మర్చిపోయావా అక్కా? పదకొండు కిలోల ఒళ్లొచ్చింది. పొద్దున మొదలెట్టిన మాట మధ్యాహ్నానికి గానీ పూర్తయ్యేది కాదు. సోమవారం నేను షాపులో చేరాలి. డాక్టరు గారు బాగానే ఉన్నాడని ఉత్తరం రాస్తే తీసుకుంటానన్నాడు ఓనరు. ఇవాళ నన్ను ఇక్కడ చేర్చితే షాపులో నేను కూర్చునే ముక్కాలి పీట ఇంకొకడిది."

"ఉత్తరం రాద్దామనే పిలిచాను బాబూ. పట్టీ లెక్క చూశాక కలం కదలడం లేదు. సరే, చివరి పరీక్ష. ఐదు మాటలు చెప్తాను, గుర్తుంచుకో. గొడుగు, తాళం, నిమ్మకాయ, కిటికీ, సైకిలు. కాసేపాగి అడుగుతాను. మూడు నెలల కిందట రెండే చెప్పగలిగావు."

"అడగండి. ఈలోపు నేనూ కొన్ని అడగొచ్చా?"

"అడుగు. ప్రశ్నలు రావడం మంచిదే."

"హమ్మయ్య. అది లక్షణం కాదన్నమాట."

"అమ్మా..."

"ఊరికే అన్నాను లెండి."

"డాక్టర్ గారూ, నా అడుగులు ఎప్పట్నుంచి తగ్గాయి?"

"మూడు వారాల కిందటి గురువారం దాకా రోజూ పదివేలు దాటాయి. మర్నాటి నుంచి ఆరేడు వందలు. కొండ మీంచి జారినట్టు."

"ఆ గురువారం మేం ఇక్కడికే వచ్చాం. ఛార్జింగు పెట్టాలని అందరి పట్టీలూ విప్పించి, ఆ ట్రేలో పెట్టించారు. తర్వాత ఫోనులో మాట్లాడుతూ మీరే మళ్లీ కట్టారు."

"నెలకోసారి పెట్టిస్తాం. అయితే?"

"ఏం లేదు. ఈ మూడు వారాల్లో నేను బాగా నడిచింది ఏ రోజంటోంది మీ కంప్యూటరు?"

"మొన్న బుధవారం. మూడు వేలు."

"బుధవారమా? ఆ రోజు వీడికి నూట రెండు జ్వరమండీ! మంచం దిగలేదు. మంచినీళ్లు కూడా నేనే తాగించాను."

"జ్వరం వస్తేనే నడుస్తాడన్నమాట. విచిత్రమైన కేసు. ఇదీ రాసుకుంటాను."

"రాసుకోండి. పనిలోపనిగా, బుధవారం ఇక్కడేం జరిగిందో కూడా రాసుకోండి."

"ఇక్కడేముంది? లిఫ్టు చెడిపోయింది. నాలుగంతస్తులూ మెట్లెక్కి నా ప్రాణాలు పోయాయి."

"మిగతా రోజులు?"

"మిగతా రోజులు లిఫ్టులోనే. కానీ నేను నడవననుకోకు! మీకు ఆదర్శంగా ఉండాలని స్టాఫంతా మీలాంటి పట్టీలే కట్టుకున్నాం. బల్ల మీద ఆ షీల్డు చూశావా? 'ఈ నెల నడక వీరుడు.' ఆసుపత్రి మొత్తానికి నేనే ఫస్టు! నా పొట్ట చూసి నవ్వినవాళ్లందరికీ నోళ్లు పడిపోయాయి."

"గొప్ప సంగతే. మొన్న ఆదివారం ఎన్ని వేశారు?"

"ఉండు, చూస్తాను... ఆదివారం... పందొమ్మిది వేల నాలుగు వందలు!"

"అంత దూరం ఎక్కడికెళ్లారండీ?"

"ఎక్కడికీ లేదమ్మా. నడుం పట్టేసి రోజంతా పడుకునే ఉన్నాను. నాకూ ఆశ్చర్యంగానే ఉంది. బాత్రూముకి ఒక నాలుగుసార్లు వెళ్లానేమో."

"నాలుగుసార్లకి పందొమ్మిది వేలా? మీ బాత్రూము ఏ ఊళ్లో ఉందండీ?"

"కొందరికి ఒంట్లోనే ఆ చురుకుంటుందమ్మా. పైకి కనబడదు."

"అక్కా, ఆదివారం నేనెక్కడికెళ్లాను?"

"మా అత్తగారింటికి. బస్సులు బందు. ఆవిడ బీపీ మాత్రలు అయిపోయాయంటే నిన్నే పంపాను. పోనూ రానూ నడిచే... ఒరేయ్!"

"ఆగక్కా. అరవకు. నా పట్టీ అంచున ఒక మరక ఉండేది, గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు? చెయ్యి మళ్లీ పనికి అలవాటు కావాలని ఇంట్లో పాత పుస్తకాలన్నీ విప్పి అంటించావుగా. బైండింగు జిగురు చుక్క పడి రాయిలా గట్టిపడింది. గీకీ గీకీ నా గోరు విరిగింది గానీ అది ఊడలేదు. ఏదీ, చెయ్యిలా చూపించు... ఇదేంట్రా, అద్దంలా ఉంది?"

"జిగురంటే గుర్తొచ్చిందమ్మా, మూడు వారాల నుంచి నా పట్టీ అంచున ఏదో గట్టిగా గుచ్చుకుంటోంది. దద్దురు కూడా లేచింది. కంపెనీవాళ్లు ఇలాంటి నాసిరకం... సరేలే, కబుర్లు చాలు. నిన్ను వార్డులో చేర్చడానికి నర్సు వచ్చే వేళైంది."

"డాక్టర్ గారూ, ఒక్కసారి మీ చెయ్యి..."

"అక్కా! నన్ను చెప్పనీ."

"అవును, అతన్నే చెప్పనివ్వండి. చూడు బాబూ, నేను న్యాయంగా మాట్లాడే మనిషిని. ఐదు మాటలూ చెప్పు. తర్వాత నీ అడుగులు తీసుకున్న ఆ 'ఎవరో' ఎవరో మనిషిని చూపించి చెప్పు. జబ్బు మాట్లాడితే 'ఎవరో' అంటుంది, 'వాళ్లు' అంటుంది. వేలు పెట్టి చూపించమంటే నీళ్లు నములుతుంది. నువ్వు చూపించావా, ఈ సూది చెత్తబుట్టలో, ఉత్తరం నీ చేతిలో."

"దొంగ ఎవరైనా సరేనా?"

"ఎవరైనా సరే."

"తర్వాత అదీ లక్షణమే అనరు కదా?"

"అనను. డాక్టరు మాట."

"అక్కా, నువ్వే సాక్షి."

"సాక్షినే. ఈ కుర్చీలోంచి కదిలితే ఒట్టు. చెప్పరా నాన్నా, చెప్పు!"

"గొడుగు. తాళం. నిమ్మకాయ. కిటికీ. సైకిలు."

"ఐదుకి ఐదు! భేష్! మరి దొంగ?"

"ఆ గురువారం ఫోనులో మాట్లాడుతూ, ట్రేలోంచి నా పేరున్న పట్టీ తీసి తన చేతికి కట్టుకుని, తన పేరున్నది నా చేతికి కట్టిన మనిషి. మంచం మీద పడుకుని పందొమ్మిది వేల అడుగులు నడిచిన వీరుడు. మీరే డాక్టర్ గారూ!"