పసుపు పెట్టిన జెర్సీ

ఐర్లండ్‌లోని వాటర్‌ఫోర్డ్, 2000. శనివారం ఉదయం, మేడమీద అద్దెవాటాలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మైథిలి, ఆమె భర్త డాక్టర్ రాఘవులు.

"జెర్సీ ఏదండీ?"

"ఏ జెర్సీ?"

"మాట మార్చకండి. ఇంటాయన డెర్మట్ గారిది. ఇస్త్రీ చేయమని మీకిచ్చింది."

"ఆయనకే ఇచ్చేశాను."

"ఎందుకు?"

"మెడ వెనక కాస్త పసుపు అంటింది."

"అంటిందా, పెట్టారా?"

"పెట్టాను. కొత్త బట్ట కదా, మైథిలీ."

"అరవై ఏళ్ళ నాటిది కొత్తదా?"

"ఒక్కసారీ వేసుకోనిది కొత్తదే. చెయ్యి దానంతటదే పసుపు డబ్బాలోకి పోయింది. మా అమ్మ చేసిన అలవాటు."

"మధ్యాహ్నం మా ఆఫీసువాళ్ళు దాన్ని తీసుకెళ్ళడానికి వస్తున్నారు. దానికోసం అద్దాల పెట్టె కూడా చేయించారు. చిన్న మరక కూడా లేదని నేనే చెప్పాను."

"నిన్నగాక మొన్న పెట్టిన కంపెనీకి ఈయన జెర్సీ ఎందుకు?"

"అందుకే. వాళ్ళకి చరిత్ర కావాలట. దేశం తరఫున రగ్బీ ఆడమని ఈయనకి జెర్సీ చేతికిచ్చాక రెండో ప్రపంచ యుద్ధమొచ్చి మ్యాచ్ ఆగిపోయింది. అది విని మా మేనేజరు ఎగిరి గంతేశాడు."

"ఐర్లండ్ అసలు ఆ యుద్ధంలోనే లేదుగా?"

"అవతలి జట్లన్నీ యుద్ధానికి పోతే ఈయన ఎవరితో ఆడతాడు? అది అయ్యేసరికి మోకాలు పోయింది. ఇన్నాళ్ళకైనా ఆయన పేరు నలుగురూ చదవాలని నా తాపత్రయం. ఆయనకి మాటిచ్చాను."

"ఆయన అడిగాడా?"

"ఆయనేదీ అడగడు. ఏమన్నా గ్రాండ్, అంటే బాగానే ఉంది, అంటాడు. ఇప్పుడు సబ్బు పెడితే పసుపు ఇంకా ఎర్రబడుతుంది. చూసి బాధపడ్డాడా?"

"ఇదెందుకని అడిగాడు. కొత్త బట్ట మొదటిసారి వేసుకునేముందు పెడతామన్నాను."

"తిట్టాడా?"

"లేదు. ఆ పసుపుని వేలితో తడిమాడు. తర్వాత చేతులు పైకెత్తాడు."

"ఎందుకు?"

"భుజాలు పట్టేశాయి కదా. నేనే తొడిగాను."

"తొడిగారా? ఏమండీ, వాళ్ళకి ఎవరూ వేసుకోనిదే కావాలి. అదే దాని విలువ."

"వాళ్ళకి."

"వెళ్ళి తీయించండి. మీ మాట వింటాడు."

"చెప్పి చూశాను. మ్యాచ్ మధ్యలో తీయకూడదట."

"ఏం మ్యాచ్?"

"కిటికీలోంచి చూడు. వానలో బంతి పట్టుకుని పెరట్లో నిలబడ్డాడు. అవతలి జట్టు నేనేనట. నా బూట్లెక్కడున్నాయి?"