పై సగం, కింది సగం

అమ్మ పడవలో కూర్చుని తీసిన ఫోటో మ్యూజియం గోడకెక్కిందని వినగానే, దాన్ని మ్యూజియానికి ఇచ్చిన కూతురు రెక్కలు కట్టుకుని వాలింది. తీరా చూసి, అక్కడున్న మ్యూజియం అధికారిని నిలదీసింది.

"ఇదేంటండీ, ఒడ్డున ఉన్న మేడలే కనిపిస్తున్నాయి. వాటి ముందున్న సముద్రమేదీ?"

"ఇది కట్టడాల విభాగమమ్మా. అలలు కింది అంతస్తులో, సర్ఫింగ్ విభాగంలో ఉన్నాయి."

"అంటే ఫోటోని కత్తిరించారా?"

"ఛఛ, అంత మాటెందుకు? చెరిసగం పంచాం. లేకపోతే రెండు విభాగాలవాళ్లూ జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్లు."

"మరి మధ్యలో సర్ఫింగ్ బోర్డెక్కి అలల మీద నిలబడ్డ మా నాన్న?"

అధికారి గొంతు తగ్గించాడు.

"కాళ్లు కింద భద్రంగా ఉన్నాయమ్మా. తల ఇదిగో, ఈ ఫ్రేము అంచునే ఉంది. కలుపుదామంటే, మనుషుల విభాగం ఇంకా మంజూరు కాలేదు."