కూడితే తొమ్మిది

(హైటెక్ సిటీలో, ఆసుపత్రుల రికార్డులకు కంప్యూటర్ తాళాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీ. ఉదయం పదకొండుకు పది నిమిషాలు తక్కువ. డైరెక్టర్ యజ్ఞనారాయణ గదిలో, ఆ తాళాలకు వాడే నంబర్లు పరీక్షించే అనూష.)

“సంతకం పెట్టడానికి ఇంతసేపా అనూషా? పదకొండుకి కాల్ ఉంది.”

“సార్, గిది నేను చూసిన నంబర్ కాదు.”

“అదేనమ్మా. ఆరొందల పదిహేడు అంకెలు. లెక్కపెట్టుకో.”

“పెట్టిన. అంకెలన్ని కూడితే నిన్న రెండువేల ఏడొందల డెబ్బై ఆరొచ్చింది. ఇయ్యాల రెండువేల ఏడొందల ఎనభై ఒకటొస్తుంది. నడుమ ఒక మూడు పోయి ఎనిమిదైంది.”

“ఒక్క అంకె! గోరంతను కొండంత చెయ్యకు.”

“మీరే మార్చిన్రా?”

“కాఫీ తాగావా?”

“సార్, మీరే మార్చిన్రా?”

“మార్చాను. నిన్నటిది ఒక్క అంకె మిగిలేదాకా కూడితే నాలుగొచ్చింది. నాలుగు నాకు అచ్చిరాదు. నా కారు తొమ్మిది, ఫోన్ తొమ్మిది. మీ పుప్పాలగూడలో ఎవరూ చూసుకోరా?”

“మా నాయన ఆటోకు గూడ తొమ్మిదే సార్. ఆటోకు నడుస్తది. గిది ప్రైమ్ నంబర్. ఒకటితోని, తనతోని తప్ప దేనితోని భాగం పోవద్దు.”

“పోదుగా! ఇంత పెద్దది దేంతో పోతుంది?”

“తొమ్మిదితోని.”

“ఏంటీ?”

“కూడితే తొమ్మిదొచ్చిందంటే, ఎంత పెద్దదైనా తొమ్మిదితోని పోతది. బడిల జెప్తరు సార్.”

“అయినా... తాళం పడుతోంది కదమ్మా. నేనే చూశాను.”

“పడుతది. దొంగతనంగ తీసెటోనికి గూడ సులువైతది. ఎవరికేం రోగమో, ఏం మందులో, అన్ని అండ్లనే ఉంటయి.”

“నీ ప్రొబేషన్ ఎప్పటిదాకా?”

“శుక్రవారం దాకా.”

“మరి?”

“బెదిరిస్తున్నరా?”

“గుర్తు చేస్తున్నాను.”

“నౌకరి పోతే ఇంకోటి చూస్కుంట. ‘ఇది ప్రైమ్ నంబరే, నేను పరీక్షించాను’ అని రాసి, కింద నా పేరుంటది. రేపు ఏమన్నయితే మిమ్మల్ని అడగరు, నన్నడుగుతరు. నాకు భయమైతుంది సార్. నేను సంతకం పెట్ట.”

“సరే, సరే. పాత నంబరే పెట్టు. పోనీ, నాలుగే ఉండనీ.”

“నిజంగనా?”

“పెట్టమంటున్నాగా.”

“ఇగో... మార్చిన. మళ్లొకసారి పరీక్ష గూడ నడిపిన. మంచిగుంది. సంతకం పెట్టిన సార్. థాంక్స్.”

“ఊఁ.”

“గట్ల కూసున్నరేంది? నీళ్లు తెమ్మంటరా?”

“ఎప్పుడూ నీ సంతకం అయ్యాకే మార్చేవాణ్ణి. ఇవాళ తొందరలో ముందే మార్చేశాను.”

“ఎప్పుడూ... అంటే?”

“అలా మార్చినవి పదకొండు ఆసుపత్రులకు వెళ్లాయమ్మా. అన్నిటి కిందా నీ పేరే ఉంది.”