నేనెక్కితే స్టార్టు కాని కారు

కాదురా ఏసోబూ, బ్యాటరీ కాదని నెత్తీ నోరూ కొట్టుకుంటున్న గదా! బ్యాటరీ కొత్తది. సెల్ఫు కొడ్తె గిర్రుగిర్రుమని తిరుగుతనే ఉంటది. గా చప్పుడుకు నారాయణపేటల పండుకున్నోళ్ళు సగం మంది లేస్తరు, మిగిలినోళ్ళు మక్తల్‌ల లేస్తరు. అంత తిరిగినా ఇంజను అందుకోదు. ఎప్పుడు? నేను ఎక్కి కూసున్నప్పుడే!

నవ్వకు. బస్టాండు కాడి షాపు మూయించి నిన్ను పిలిపించింది నవ్వతందుకు కాదు. నువ్వు మెకానిక్‌వి. డాక్టరు కూడ రోగం కథ మొత్తం ఇన్నంకనే సూదేస్తడు. నువ్వు పానా పట్టుకొని ఉరుకుతవేంది?

ఆయన లేడు. క్షౌరానికి పోయిండు. రేపు పాలమూరుల స్టేజీ ఎక్కాలె గద. మొగని పేరు తీయద్దంటరు గాని, కారు ఆగమైనప్పుడు దేవుడు మాఫ్ చేస్తడు. గండయ్య. మగ్గం మీద మంచి చీర నేసిండని మా గండయ్యకు రేపు శాలువ కప్తరట.

నేసింది గాయినే, కాదన్న. మరి కండెలు చుట్టింది ఎవరు? నేను! నేను ఇన్నేండ్ల సంది చుట్టిన దారం సాపు చేస్తె, అది చందమామ కాడికి పోయి, ఆడ చాయ తాగి, మళ్ల నారాయణపేటకొస్తది. అయినా శాలువ నాకద్దు. నాకు కావాల్సింది ఒక్కటే. అందరు చూస్తుంటె గీ కారు ముంగటి సీటుల నుంచి నేను దిగాలె. తలుపు నేనే తీసుకోవాలె, నేనే ధన్నుమని వేయాలె. గంతే.

నిన్న ఏమన్నడో తెల్సా? "వెంకటనర్సూ, రేపు గిట్ట కారు మొండికేసిందనుకో, నువ్వు దిగి బస్సుల రా. మంజులను ఎక్కించుకొని పోత. గామె కాలు మంచిది" అన్నడు.

గామె కాలు మంచిదట! మరి నాయి కాళ్ళు కావా? గడ్డపారలా?

ఎవరా? మంజుల అంటె నా యారాలు. మా మరిది లింగస్వామి పెండ్లాము. అగో, ఎదురుంగ నీలం తలుపు. మరిది షాద్‌నగర్‌ల కంపెనీ పనికి పోయి, అమాసకో పున్నానికో ఇల్లు చూస్తడు. గందుకని గామెను బ్యాంకు కాడ, దవాఖాన కాడ, బస్టాండు కాడ దించొచ్చే భారం మా ఆయన నెత్తి మీద పడ్డది. భారమంటె భారమా అది! "మరదలా... కాదు, మంజులా, పోదామా" అని, దువ్వెన జేబుల పెట్టుకొని బయల్దేరుతడు. తలమీద వెంట్రుకలు ఉన్నయా అంటె, కొబ్బరికాయకే జర ఎక్కువున్నయి.

ఆ... పెట్రోలు ఉన్నది. నిండుగున్నది. వాసన చూడు, కావాలంటె.

గామె ఎక్కి కూసుంటదా, ఒక్క తిప్పు. ఒక్కటే! బుర్రుమని లేస్తది, పాలకొచ్చిన దూడ లెక్క. మా ఆయన నవ్వుడు చూడాలె. పండ్లన్నీ బయటికొచ్చి వీధి మొత్తం తిరిగి మళ్ల నోట్లెకు పోతయి. కారు మీద చెయ్యేసి "లే తల్లీ, లే బంగారం" అంటడు. ఇనుప ముక్క బంగారం అయింది! నన్ను పెండ్లినాటి సంది బంగారమన్నది లేదు. ఒకనాడు "బెల్లం ఏడున్నది" అని అడిగిండు, గదే నాకు పడ్డ తీపి మాట.

నేను ఎక్కినంక అదే కారు సచ్చిన పీనుగు. గిర్రు... గిర్రు... గిర్రు... ఆయన నా దిక్కు చూస్తడు. నేను ముంగటి అద్దం దిక్కు చూస్త. అద్దంల నుంచి నీలం తలుపు కనవడ్తది. తలుపుల గామె!

ఏం చేసినవురా, ప్లగ్గులు తీసినవా? తుడువు, మంచిగ తుడువు. కానీ ప్లగ్గులకు నేనెవరో గామె ఎవరో ఏం తెల్సు?

మక్తల్ పెండ్లి ముచ్చట చెప్పాలె నీకు. పొద్దుగాల్నే తయారైన. పెట్టె అడుగున దాచుకున్న ఆకుపచ్చ చీర కట్టిన. ముంగట కూసున్న. కారు లేస్తె ఒట్టు! వీధి మొత్తమొచ్చి నూకిండ్రు. నూకి నూకి కారు కొండ దాక పోయింది గాని ఇంజను అందుకోలే. "నువ్వు ఆటోల పో, నేను బాగు చేపిచ్చుకొని వస్త" అన్నడు. ఆటోల పోయిన. నా పక్కన ఎవరు? మేకలు. ఆటో నిండ మేకలే. ఒకటి నా కొంగు నమిలింది. ఇగో, ఇంట్ల కట్టుకున్న గిదే, చూడు, నారాయణపేట చీరకు అంచు ఒక దిక్కే ఉన్నది.

మధ్యాహ్నం బంతి లేచే ముంగట కారొచ్చింది. మా ఆయన తోల్తున్నడు. ముంగటి సీటుల మంజుల. "ఎండెక్కినంక దానంతటదే స్టార్టయింది, మంజుల గూడ వస్తనన్నది" అన్నడు. గామె కట్టిన చీర ఏందో తెల్సా? మా మగ్గం మీదిదే. దానికి కండెలు చుట్టింది నేనే! పెండ్లోళ్ళు ఎదురొచ్చి గామెకు కుర్చీ వేసిండ్రు. నేను ఆటో దిగినప్పుడైతె నన్ను చూసి, "అవ్వా, మేకలను ఎనక కట్టేయి" అన్నరు.

గామె చెడ్డదైతె బాగుండు, తిట్టుకొని తృప్తి పడుదు. కాదు! "అక్కా, కొంగు చినిగిందే, ఇటియ్యి నేను కుడ్త" అని పక్కన కూసున్నది. గంత మంచిగుండుడు ఎందుకురా మనిషి? చూసినోళ్ళ కడుపు కాలదా?

ఆ నాటి సంది వీధి మొత్తం ఒకటే మాట. వెంకటనర్సమ్మ కాలు పెడ్తె కారు సల్లబడ్తది అని. కల్లుకాడ, నల్లకాడ, మగ్గాల కాడ ఇదే పంచాది. అసెంబ్లీల కూడ మాట్లాడుతున్నరట, ఎవరో చెప్పిండ్రు.

ఏంది? నేను ఎక్కే ముంగట ఏమేం చేస్తనా? ఏం చేస్తరా, అందరు చేసేదే. స్నానం చేస్త. చీర కట్టుకుంట. కొప్పు పెట్టుకుంట. పాన్ డబ్బా సంచిల వేసుకుంట. వచ్చి కూసుంట.

ఇంకేం లేదు.

లేదన్న గదా.

ఆ... దిష్టి తీస్త. అది మనిషన్నోడు చెయ్యాల్సిన పనే గదా! నేను ముంగటి సీటుల కూసుంటె గా నీలం తలుపుల నుంచి కండ్లు పడవా? అందుకని ఆయన లోపట చాయ తాగుతుండంగ, పసుపు, సున్నం కలిపి తట్టల ఎర్రనీళ్ళు చేసి, కారు చుట్టు తిప్పి పోస్త. ఆయనకు తెల్వదు. తెలిస్తె "ఇనుముకు దిష్టేందే" అని ఎగతాళి చేస్తడు.

ఏడ పోస్తనా? టైర్ల కింద మొదట్ల పోసిన. తర్వాత ఆలోచన చేసిన. దిష్టి తగిలేది ఇంజనుకు గాని టైర్లకా? అందుకని కారు ముక్కు కాడ ఇనుప జాలి ఉన్నది చూడు, దాంట్లకెళ్ళి లోపటికే పోస్త. తట్ట నిండ. సగం సగం పనులు నాకు రావు.

గట్ల నిలబడ్డవేందిరా? నోరు మూసుకో, ఈగలు పోతయి.

ఇయ్యాలనా? ఇయ్యాల కూడ పోసిన. నువ్వొస్తున్నవని, కారు బాగుపడాలని జర ఎక్కువనే పోసిన.

ఆ నల్ల మూత ఎందుకు ఇప్పుతున్నవు? నాలుగు వైర్లు ఎండ్రకాయ కాళ్ళ లెక్క ఉన్నయి. ఏందది? దించు, చూపియ్యి.

అయ్యో.

అయ్యో అయ్యో! ఎర్రనీళ్ళు! నా ఎర్రనీళ్ళే! సున్నం చూడు, అట్టకట్టి గోడకు వేసినట్టు కూసున్నది. దీంట్లకెళ్ళే ప్లగ్గులకు కరెంటు పోతదా? తడిస్తె పోదా? ఎండెక్కి ఆరినంక మళ్ల పోతదా?

అంటె... మక్తల్ పెండ్లినాడు ఎండకు ఆరింది. గామె ఎక్కినప్పుడు లేచింది.

అంటె నా కాలు మంచిదే! ఏసోబూ, నా కాళ్ళు మంచియే! చూసినవా, బంగారమసొంటి కాళ్ళు! ఆపు, నేను జర ఈ మెట్టు మీద కూసుంట. గుండె గిర్రుగిర్రుమంటున్నది, సెల్ఫు కొట్టినట్టు.

గామె కండ్లు, గామె కండ్లు అని గిన్ని దినాలు తిట్టుకున్న. గామె తలుపుల ఎందుకు నిలబడుతదో తెల్సా? నూకతందుకు. కారు లేవకపోతె అందరికంటె ముందు ఉరికొచ్చి చెయ్యేసేది గామెనే. మేము బయల్దేరినప్పుడల్లా చెప్పులు తొడుక్కొని తయారుగుంటది. ఇప్పుడు అర్థమైతున్నది. ఏం చేయాలె, అర్థమైనంక కూడ గామె మీద కోపం పోతలేదు.

తుడువు బిడ్డా, పొడి బట్టతోని తుడువు. ఇగో, నా కొంగు పట్టు. ఎట్లైన ఒక దిక్కు మేక తిన్నదే.

రేపు దిష్టి తియ్యను. ఒట్టు. ముంగట నేను కూసుంట, గామె ఎనక. కారు లేస్తది. పాలమూరుల దిగుత, తలుపు ధన్నుమని వేస్త, ఆ చప్పుడుకు స్టేజీ మీదోళ్ళు శాలువ కింద పడేసుకుంటరు.

కానీ ఒక్కటి చెప్పు. గామె పక్కన ఉంటె బస్టాండు చేరేలోపట్నే మా ఆయన లోకం ముచ్చటంత చెప్తడు. నేను పక్కన ఉంటె దేవరకద్ర దాటినా నోరిప్పడు. ఇప్పితె "కిటికీ ముయ్యి" అంటడు. కారైతె నువ్వు బాగు చేసినవు. గాయిన నోరు స్టార్టు చేసే మెకానిక్ ఏ ఊర్ల ఉన్నడురా?



అగో, వస్తున్నడు. అబ్బ, గుండు గీయించుకున్నడా, గడ్డం గీయించుకున్నడా, రెండూ ఒక్కతీర్గనే మెరుస్తున్నయి. జల్ది మూత బిగియ్యి. ఏమైందంటె వైరు వదులైందని చెప్పు. ఎర్రనీళ్ళ ముచ్చట చెప్పినవో, నీ షాపుకొచ్చి నీ నోట్లకెళ్ళే దిష్టి తీస్త.

గీ తట్టనా? పారేయనురా. లోపట దాచిపెడ్త. ఎల్లుండి మంజుల షాద్‌నగర్ పోతదట, మొదటి బస్సుకు. పొద్దుగాల సలిల ఈయినే దించి రావాలె, గీ కారులనే.

గట్ల చూడకు. నేనేమన్న? ఎప్పుడు చూడు "అక్కా, అక్కా" అంటది, పాపం. గిన్ని దినాలల్ల గామె ఎక్కినప్పుడు ఒక్కపారన్న దిష్టి తీసిన్నా నేను?

పెద్దదాన్ని. గామెను మరిస్తె బాగుంటదా?